సైకిల్‌తో రైలు ప్రయాణం: ముందస్తు ఏర్పాట్లు

సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లదలచినవారు దాన్ని యథాతథంగా ఎక్కించనిస్తారా, సంచిలో పెట్టాలా, లేక సామాను పెట్టెలో విడిగా బుక్ చేయాలా అన్నది టికెట్ కొనడానికి ముందే తెలుసుకోవాలి. ఒకే మార్గంలో నడిచే రెండు రైళ్లకు వేర్వేరు నిబంధనలు ఉండవచ్చు. తరచుగా ప్రయాణించేవారికి 16 లేదా 20 అంగుళాల చక్రాలున్న మడత సైకిలే మేలు, ఎందుకంటే మడిచాక దాన్ని చాలా చోట్ల చేతిసామానుగానే పరిగణిస్తారు.

మామూలు సైకిల్‌ను సంచిలో పెట్టాలంటే, వెనుక గేరును అతి పెద్ద పళ్లచక్రం మీదికి మార్చి, ముందు చక్రం ఊడదీసి, హ్యాండిల్‌ను ఫ్రేముకు సమాంతరంగా తిప్పి, పెడళ్లు విప్పాలి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది కనుక, పెడల్ వైపు నుంచి చూస్తూ సవ్యదిశలో తిప్పితేనే అది వదులవుతుంది; ఇది తెలియక బలం ప్రయోగించేవారే ఎక్కువ. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు (ద్రవం ఒత్తిడితో పనిచేసేవి) ఉంటే, చక్రం తీయగానే దాని పళ్లేన్ని రెండువైపులా పట్టి ఆపే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్కను ఉంచాలి. లేకపోతే దారిలో లివరు నొక్కుకుని ప్యాడ్లు దగ్గరకు చేరి, దిగాక చక్రం తిరిగి అమరదు. గొలుసుకు గుడ్డ చుట్టడం తోటి ప్రయాణికుల బట్టల పట్ల కనీస మర్యాద.

రద్దీ వేళలను విడిచిపెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. పెట్టెలో సైకిల్‌ను గేర్లున్న వైపు ఒత్తిడి పడకుండా ఆనించి, పట్టీతో కట్టాలి. రైలు మారాల్సి వస్తే మెట్లెక్కే సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి. దిగాక సైకిల్‌ను బిగించి, బ్రేకులు పరీక్షించిన తరువాతే రోడ్డెక్కాలి.