పాత అసెంబ్లీ డిబేట్స్‌ని నెట్‌లో పెట్టడం: మా షాపులో చేస్తున్న పద్ధతి

అమలాపురంలో మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, ఫ్లెక్సీ డిజైన్లు, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులు, ఇదే మా బతుకు. రెండేళ్ల కిందట, కాలం చేసిన ఒక ప్లీడరు గారి మనవరాలు ఆటోలో మూడు ట్రంకు పెట్టెలు తెచ్చి దింపింది. ఉమ్మడి మద్రాసు నాటివి, 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చాకవి, 1956 తర్వాతవి, మొత్తం 41 శాసనసభ చర్చల సంపుటాలు. "ఇల్లు అమ్మేస్తున్నామండి, అన్నయ్యగారూ. పాత పేపర్ల వాడికి వెయ్యడానికి మనసు ఒప్పలేదు. అందరూ చదువుకునేలా చెయ్యండి" అంది. సరేనన్నాను. ఆ మాట అనేటప్పటికి పనెంతో నాకు తెలీదు.

మొదట చూడాల్సింది, ఆ పుస్తకం ఇప్పటికే నెట్‌లో ఉందేమో. రాజ్యాంగ సభ చర్చలు, లోక్‌సభ చర్చలు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. అసెంబ్లీవి కూడా శాసనసభ వెబ్‌సైట్‌లో చూసుకుని, లేని తేదీలవే తీసుకోండి. తర్వాత హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చట్టసభల ప్రచురణలు ప్రభుత్వ రచనల కిందకే వస్తాయి. అచ్చయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు లెక్క. 1954లో అచ్చయినది 2015 జనవరి 1 నుంచి అందరిదీ. తేదీ చూడాల్సింది సభ జరిగిన రోజుని కాదు, అచ్చయిన సంవత్సరాన్ని.

ఇక పుస్తకం. మొదటి సంపుటానికి నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. షీట్‌ఫెడ్ స్కానర్‌లో బరబరా లాగేయొచ్చని కుట్టు దగ్గర కటింగ్ మిషన్‌లో పెట్టి కోయించేశాను. అది కుట్టుతోపాటు అరంగుళం లోపలికి తీసేసింది. పోయింది ఉత్త మార్జినే అనుకున్నా. తీరా చూస్తే చాలా పేజీల్లో వరస మొదటి అక్షరాలు పోయాయి. వాటిలో ప్రశ్న అడిగిన సభ్యుల పేర్లూ ఉన్నాయి. ఆ సంపుటాన్ని ఇంకోచోట వెతికి మళ్లీ తీయాల్సొచ్చింది. కాబట్టి కోయొద్దు.

వడ్రంగి చేత ప్లైవుడ్‌తో వ్యాసపీఠంలాంటిది చేయించాను. పుస్తకం పూర్తిగా విప్పితే వెన్ను విరుగుతుంది, అందుకని లంబకోణం కంటే కాస్త ఎక్కువగా తెరుచుకునేలా. ఎదురుగా స్టాండు మీద కెమెరా, రెండు పక్కల నుంచి ఏటవాలుగా ఎల్‌ఈడీ ట్యూబులు, పేజీ మీద పల్చటి గాజు పలక. గాజులో మన చొక్కా ప్రతిబింబం పడుతుంది, నల్ల చొక్కా వేసుకోండి. మా కుర్రాడు ఓ రోజు తెల్లచొక్కాతో తీసిన 80 పేజీల మీదా మసకగా వాడి బొత్తాలు కనిపించాయి.

ఒక్క కెమెరాయే ఉంటే ముందు కుడిచేతి పేజీలన్నీ తీసి, తర్వాత ఎడమచేతివన్నీ తీసి, కంప్యూటర్‌లో కలపాలి. ఇక్కడే పేజీలు తప్పిపోతాయి. ఒకటో పేజీ నుంచి మొదలెడితే కుడివైపువన్నీ బేసి సంఖ్యలే. నూరో ఫొటోలో 199 కనిపించాలి. 201 కనిపిస్తే ఎక్కడో రెండాకులు అంటుకుపోయి తిరిగాయన్నమాట. ప్రతి యాభై ఫొటోలకీ ఆగి చూసుకోండి. ఖాళీ పేజీనీ తీయాల్సిందే, లేకపోతే లెక్క తప్పుతుంది.

మా కోనసీమలో జూన్ నుంచి అక్టోబరు దాకా కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, గాజు కింద అంటుకుంటుంది. అందుకని నేను ఈ పని డిసెంబరు నుంచి మే లోపే చేస్తాను. చెమ్మగా ఉంది కదాని డాబా మీద ఎండలో పెట్టొద్దు, అప్పడంలా పెళుసెక్కిపోతుంది. నీడలో ఫ్యాన్ కింద చాలు.

400 డీపీఐ, అంటే అంగుళానికి 400 చుక్కలు వచ్చేలా తీసుకోండి. ఇంగ్లిష్‌కి 300 సరిపోవచ్చు గానీ, మన వత్తులు సన్నవి. మాస్టర్ కాపీ టిఫ్‌లో, అంటే నాణ్యత తగ్గని ఫొటో ఫైలుగా దాచాలి. కలర్‌లో పేజీకి పాతిక ఎంబీ దాటుతుంది, 600 పేజీల సంపుటం అంటే పదిహేను జీబీ పైమాటే. ఆ మాస్టర్‌ని ముట్టుకోకుండా, కాపీ మీదే శుభ్రం చేసే పని.

శుభ్రం అంటే గుర్తొచ్చింది. స్కాన్ టైలర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తీసేసే ఆప్షన్ ఉంటుంది. పుస్తకాల పురుగు చేసిన చుక్కలు పోతాయి కదాని నేను ఎక్కువలో పెట్టేశా. పేజీ తళతళలాడింది. మర్నాడు మా ఆవిడ చదువుతూ "ఏంటండీ, వీళ్లు అసెంబ్లీలో బూమి, దర అని మాట్లాడుకున్నారా?" అంది. పెద్దది చేసి చూస్తే భ, ధల కింద ఉండాల్సిన ఒత్తు గీతని మచ్చ అనుకుని చెరిపేసింది. చర్చల పుస్తకాల్లో ఇంకో చిక్కుంది. సభాపతి తొలగించమన్న మాటల చోట చుక్కలు వేసి, కింద ఆ సంగతి చిన్నక్షరాల్లో రాస్తారు. లోక్‌సభ చర్చల్లోనైతే, ఆ ప్రశ్నని సభలో నిజంగా అడిగిన సభ్యుడి పేరు మీద చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. అవేవీ దుమ్ము కాదు. మచ్చలు తీసే ఆప్షన్ ఆపేయండి. పేజీ పసుపుగా ఉంటే ఉండనివ్వండి.

ఓసీఆర్‌కి, అంటే ఫొటోలోని అక్షరాల్ని వెతకడానికి వీలయ్యే టైపు అక్షరాలుగా మార్చడానికి, టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ కలిపి ఇవ్వాలి. ఒకే పేజీలో సభ్యుడు తెలుగులో అడిగితే మంత్రి ఇంగ్లిష్‌లో చెప్పడం మామూలే. వచ్చిన అక్షరాల్లో తప్పులుంటాయి, అన్నీ దిద్దుతూ కూర్చుంటే ఈ జన్మకి అవదు. బొమ్మ వెనకాల ఆ అక్షరాలు అలాగే ఉండేలా పీడీఎఫ్ చేసి, అసలు శ్రమ సూచిక మీద పెట్టండి. నన్నడిగితే స్కానింగ్ సగం పని కూడా కాదు. ఎవరికీ దొరకని పీడీఎఫ్ కంటే ట్రంకు పెట్టె నయం, దాన్ని మూత తీసైనా చూస్తారు.

మా సూచిక ఒక ఎక్సెల్ షీటు. సభ జరిగిన తేదీ, సంపుటం, పేజీ, మాట్లాడినవారి పేరు, విషయం నాలుగు మాటల్లో, ప్రస్తావనకొచ్చిన ఊళ్లు. ఊరికి రెండు గడులు: పుస్తకంలో ఉన్నట్టు ఒకటి, ఇప్పటి పేరు ఒకటి. కాకినాడ అని కొడితే కోకనాడ దొరకదు, ఏలూరు అంటే ఎల్లోర్ దొరకదు. మనుషుల పేర్లకీ అంతే. 1937 నుంచి మద్రాసు అసెంబ్లీ స్పీకరుగా చేసిన బులుసు సాంబమూర్తి గారిది మన గోదావరి జిల్లాయే, పేరు మాత్రం ఒకచోట మూర్తి, ఒకచోట ఇంగ్లిష్ పొడక్షరాలతో కనిపిస్తుంది. షీట్లో ఒకే రూపం వాడాలి. ఫైలు పేరు సంవత్సరం, నెల, రోజు వరసలో పెట్టండి, 1954-11-06 అన్నట్టు. అప్పుడు మద్యనిషేధం గొడవలో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిన నెల ఎవరూ సర్దకుండానే వరసలో కూర్చుంటుంది.

అయ్యాక, ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో పెట్టి, వివరాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. సూచిక షీటు కూడా అక్కడే పెట్టండి. హార్డ్ డిస్కులు రెండు, వేర్వేరు ఊళ్లలో. నాది ఒకటి రాజమండ్రిలో మా చెల్లి ఇంట్లో, మేడ మీద ఉంటుంది. మాకు వరద సంగతి తెలుసు కదా.

పుస్తకాలు తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు బ్యాండు వెయ్యకండి, కరిగి అట్టకి అతుక్కుంటుంది. నూలు టేపు కట్టండి.

ఇప్పటికి 19 సంపుటాలయ్యాయి. లంకల నుంచి ఒక పెద్దాయన నెలకోసారి వస్తారు. గోదారి కోసేసిన వాళ్ల లంక గురించి అప్పట్లో ఎవరో అసెంబ్లీలో అడిగారని వాళ్ల నాన్న చెప్పేవారట. "ఆయ్, మా ఊరు తగిలిందాండీ?" అంటారు. షీట్లో ఊళ్ల గడి ఆయన ముందే వెతికి చూపిస్తాను. ఇంకా తగల్లేదు. టీ తాగి, మిగతా ట్రంకు పెట్టె కేసి ఓసారి చూసి వెళ్తారు.