కోల్ట్ 1911 కొంటున్నారా? సిరీస్ 70, సిరీస్ 80లలో ఏది ఎంచుకోవాలి?

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ .45 పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది. పైకి చూస్తే వందేళ్లలో పెద్దగా మారినట్టు అనిపించదు. మార్పంతా లోపలే ఉంది: కోల్ట్ కంపెనీ 1970లో సిరీస్ 70ను, 1983లో సిరీస్ 80ను తెచ్చింది. వాడిన 1911 కొనబోయేవాళ్లకు ముందుగా వినిపించే సలహా ఒకటే: "సిరీస్ 70 తీసుకో, 80 ట్రిగ్గర్ బాగోదు." ఇందులో నిజం కొంతే. సిరీస్ పేరు కన్నా మీరు దాన్ని ఎందుకు కొంటున్నారు, ఆ పిస్టల్ ఏ స్థితిలో ఉంది అన్నవే ఎక్కువ ముఖ్యం. లైసెన్సు, చట్టపరమైన అనుమతులు ముందే చూసుకున్నారనే అనుకుందాం.

1. ఎందుకో ముందు తేల్చుకోండి

దాచుకోవడానికైతే పాతదే. అసలు పూత, అసలు భాగాలు ఉన్నది చూడండి. రీబ్లూ చేసిన, అంటే పూత మళ్లీ వేసిన పిస్టల్‌లో స్లైడ్ (ముందుకూ వెనక్కూ కదిలే పై భాగం) మీది అక్షరాల అంచులు అరిగి మెత్తబడి కనిపిస్తాయి. అలాంటిదానికి సేకరణ విలువ సగానికి పైగా పోయినట్టే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్లైడ్లను ఇప్పటిలా గట్టిపరచలేదు, ఉక్కు మెత్తన. వాటిలో వేలకొద్దీ తూటాలు కాల్చాలనే ఆలోచన మానుకోండి.

రేంజ్‌లో కాల్చుకోవడానికైతే రెండు సిరీస్‌లూ పనికొస్తాయి. లోడ్ చేసి దగ్గర ఉంచుకోవడానికైతే సిరీస్ 80 వైపే మొగ్గు చూపాలి. కారణం మూడో అడుగులో ఉంది.

2. చేతిలో ఉన్నది ఏదో గుర్తుపట్టండి

ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయండి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగండి. ఈ వరుస తప్పితే ఛాంబర్‌లోది (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులోది) బయటికొచ్చినా మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా లోపలికి వెళ్తుంది. ఛాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. కింద చెప్పే పరీక్షలన్నిటికీ ముందు ఇది చేయాల్సిందే. తూటాలు ఆ గదిలోనే లేకుండా చూసుకోండి.

ట్రిగ్గర్ వెనక ఫ్రేమ్‌లో (పిస్టల్ కింది భాగంలో) రెండు వైపులా నెలవంకలా చెక్కి ఉంటే అది 1920లలో వచ్చిన ఎ1 మార్పుల తర్వాతిది. ఎ1లో ట్రిగ్గర్ పొట్టిది, గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక అరచేతితో నొక్కే మీట) తోక పొడుగు. అంతకు ముందువాటిలో ఆ తోక పొట్టిగా ఉండడంతో కండపుష్టి ఉన్న చేతిని హ్యామర్ (వెనక ఉండే సుత్తి) కొరుకుతుంది.

సిరీస్ 70ను 1970 నుంచి 1983 వరకు తయారుచేశారు. స్లైడ్ మీద పేరు ఉంటుంది, చాలావాటి సీరియల్ నంబర్లో 70జి లేదా జి70 కనిపిస్తుంది. 1983లో సిరీస్ 80 వచ్చింది. పేరు అరిగిపోయినా, స్లైడ్ మార్చారనే అనుమానం ఉన్నా, స్లైడ్ విప్పి అడుగు వైపు వెనక భాగం చూడండి. అక్కడ గుండ్రటి చిన్న ప్లంజర్ ఉంటే 80. ఫ్రేమ్‌లో హ్యామర్ ముందు, ట్రిగ్గర్ నొక్కినప్పుడు పైకి లేచే సన్నటి లీవర్ కూడా ఉండాలి. రెండిట్లో ఒకటే ఉంటే ఎవరో భాగాలు కలగలిపారన్నమాట.

ఇంకో చిక్కుంది. 2000 తర్వాత కోల్ట్ మళ్లీ సిరీస్ 70 పేరుతో పిస్టళ్లు తెచ్చింది. వాటిలో ఫైరింగ్ పిన్ బ్లాక్ (మూడో అడుగులో చెప్పే భద్రత) లేదు, బుషింగ్ (బ్యారెల్ మూతిని పట్టి ఉంచే ఉంగరం) మామూలు గట్టిది. కాల్చడానికే కొనేవాళ్లకు ఇవి మంచి ఎంపిక. డెబ్బైలనాటి అసలు సరుకని చెప్పి అమ్మితే మాత్రం మోసపోకండి.

3. అసలు తేడా: ఫైరింగ్ పిన్ బ్లాక్

పాత డిజైన్లో ఫైరింగ్ పిన్‌ను (తూటాను పేల్చే సూదిని) వెనక్కి పట్టి ఉంచేది ఒక్క స్ప్రింగ్ మాత్రమే. ఛాంబర్‌లో తూటా ఉండగా పిస్టల్ మూతి కిందికి ఉండేలా గట్టి నేల మీద పడితే, ఆ పిన్ తన వేగంతోనే ముందుకు దూసుకెళ్లి ప్రైమర్‌ను (తూటా వెనక మంట పుట్టించే భాగాన్ని) తాకే అవకాశం ఉంది. చాలా ఎత్తు నుంచి పడితేనే ఇలా జరుగుతుంది, కానీ జరగదని చెప్పలేం. సిరీస్ 80లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేదాకా ప్లంజర్ ఆ పిన్‌కు అడ్డంగా నిలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే ఫ్రేమ్‌లోని రెండు లీవర్లు కదిలి ప్లంజర్‌ను పైకి నెడతాయి.

ఈ లీవర్ల రాపిడి వల్లే 80 ట్రిగ్గర్ మీద ఫిర్యాదులు. సరిగా అమర్చి, అంచులు నునుపు చేసిన 80 ట్రిగ్గర్‌కూ 70 ట్రిగ్గర్‌కూ తేడా మామూలు షూటర్ వేలికి తెలియడం కష్టం. పాడైన ట్రిగ్గర్‌కు సాధారణంగా కారణం హ్యామర్, సియర్ (హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) అంచులు. నింద మాత్రం లీవర్లు మోస్తున్నాయి. ట్రిగ్గర్ తేలికవుతుందని బ్లాక్‌ను పీకేయించుకునేవాళ్లున్నారు. పోయేది ఒక భద్రత, వచ్చేది దాదాపు ఏమీ లేదు.

హాఫ్ కాక్‌లోనూ తేడా ఉంది. పాత సిరీస్ 70లో హ్యామర్‌ను సగంలో ఆపితే సియర్ ఒక లోతైన గాడిలో ఇరుక్కుంటుంది, ట్రిగ్గర్ నొక్కినా హ్యామర్ పడదు. 80లో అది చదునైన మెట్టు, ఇంకా కిందగా ఉంటుంది. నొక్కితే హ్యామర్ మెల్లగా పడిపోతుంది. ఇది లోపం కాదు.

4. బుషింగ్ తప్పక చూడండి

ఫుల్ సైజు సిరీస్ 70లో బ్యారెల్ మూతిని పట్టి ఉంచే బుషింగ్ మామూలుది కాదు, నాలుగు సన్నటి వేళ్లు బ్యారెల్‌ను బిగించి పట్టుకునే రకం. గురి బాగా కుదరాలని అలా చేశారు. ఆ వేళ్లలో ఒకటి విరిగితే ముక్క బ్యారెల్‌కూ స్లైడ్‌కూ మధ్య ఇరుక్కుని పిస్టల్ బిగుసుకుపోవచ్చు. తొలి సిరీస్ 80లలో కూడా ఇదే బుషింగ్ ఉండేది, ఎనభైల చివర్లో కోల్ట్ మళ్లీ గట్టి బుషింగ్‌కు మారింది. బుషింగ్‌ను బయటికి తీసి ప్రతి వేలి మొదలునూ వెలుతురులో చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా గట్టి బుషింగ్ వేయించాలి. పాత బుషింగ్ పారేయకండి, సేకరించేవాళ్లు దాన్ని అడుగుతారు. చిన్న స్లైడ్ కమాండర్ మోడళ్లకు ఈ సమస్య లేదు.

5. ఖాళీ పిస్టల్‌తో పరీక్షలు

హ్యామర్ ఎక్కించి థంబ్ సేఫ్టీ (బొటనవేలితో వేసే మీట) వేయండి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. సేఫ్టీ తీసి హ్యామర్‌ను చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కాస్త వెనక్కి లాగండి. "టిక్" అని వినిపిస్తే సేఫ్టీ సియర్‌ను పూర్తిగా ఆపలేదని అర్థం. సేఫ్టీ మార్చాలి.

గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా పట్టుకుని ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడకూడదు.

స్లైడ్‌ను 6 మిల్లీమీటర్లు వెనక్కి పట్టి ట్రిగ్గర్ నొక్కండి. హ్యామర్ పడితే డిస్‌కనెక్టర్ (స్లైడ్ పూర్తిగా మూసుకునేదాకా హ్యామర్ పడనివ్వని భాగం) అరిగింది. ఆ పిస్టల్‌ను అక్కడే వదిలేయండి.

పెన్సిల్‌ను రబ్బరు వైపు ముందుగా బ్యారెల్లోకి జారవిడిచి, మూతి పైకి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. పెన్సిల్ బయటికి ఎగిరి రావాలి. సిరీస్ 80లో అది నీరసంగా లేస్తే ప్లంజర్ పూర్తిగా పైకి లేవడం లేదేమో చూడండి. అరిగిన లీవర్లు కారణం కావచ్చు, ట్రిగ్గర్‌లోని ఓవర్‌ట్రావెల్ స్క్రూ (ట్రిగ్గర్ ఎంత వెనక్కి పోవాలో హద్దు పెట్టేది) మరీ లోపలికి తిప్పి ఉండవచ్చు. ట్రిగ్గర్ ముందే ఆగిపోతే లీవర్ చేయాల్సిన దూరం చేయదు.

80 బ్లాక్ పనిచేస్తోందా? విప్పిన స్లైడ్‌లో ఫైరింగ్ పిన్‌ను వెనక నుంచి సన్నటి పంచ్‌తో నెట్టండి. ముందు కొన బయటికి రాకూడదు. ప్లంజర్ నొక్కి మళ్లీ నెడితే రావాలి.

6. విడిభాగాలు కలపకండి

ఫైరింగ్ పిన్, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన గుల్లను బయటికి లాగే కొక్కెం), ఫైరింగ్ పిన్ స్టాప్ (ఆ పిన్‌ను వెనక ఆపే పలక), ఈ మూడింటికీ సిరీస్ 80లో ప్లంజర్, లీవర్ల కోసం ప్రత్యేకమైన కోతలు ఉంటాయి. 70వి వాటిలో పనిచేయవు. 80 ఎక్స్‌ట్రాక్టర్ తన గాడిలో కొంచెం తిరిగినా ప్లంజర్ ఇరుక్కుంటుంది, కాబట్టి స్టాప్ దాన్ని బిగువుగా పట్టి ఉంచాలి. 80 స్లైడ్‌ను 70 ఫ్రేమ్ మీద పెడితే ప్లంజర్‌ను లేపేవాళ్లే లేరు, హ్యామర్ పడుతుంది కానీ తూటా పేలదు.

7. కొన్న తర్వాత

రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను మళ్లీ ముందుకు నెట్టేది) మార్చేయండి, ఫుల్ సైజు .45కి 16 పౌండ్లది. పాతది ఎన్ని తూటాలు చూసిందో ఎవరికీ తెలియదు. మ్యాగజైన్లు కూడా కొత్తవే కొనండి, జామ్‌లలో చాలావాటికి అసలు దోషి అదే. ముందు 230 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) గుండ్రటి ముక్కు తూటాలతో కాల్చి చూడండి. పాత పిస్టళ్ల ఫీడ్ ర్యాంప్‌ను (తూటా ఛాంబర్‌లోకి జారే వాలును), బ్యారెల్ నోటిని వాటి కోసమే చేశారు. హాలో పాయింట్ (ముక్కున గుంత ఉండే) తూటా ఆ పాత ర్యాంప్ మీద ముక్కు గుచ్చుకుని ఆగిపోవచ్చు. ర్యాంప్‌ను మీరే అరగదీయబోకండి, కోణం మారితే మళ్లీ సరిచేయడం కుదరదు. అనుభవం ఉన్న గన్‌స్మిత్‌కు ఇవ్వండి. అది సేకరణ పిస్టల్ అయితే అసలు ముట్టుకోనివ్వకండి, గుండ్రటి తూటాలతోనే సరిపెట్టుకోండి.