పిల్లల తలసీమియా క్లినిక్‌లో అంకితభావంతో పనిచేసే నర్సుకు తగిన గుర్తింపు దక్కేలా చేయడం ఎలా?

తలసీమియా అంటే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాని, వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి. దాని తీవ్ర రూపమైన తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు, ఎముక మజ్జ మార్పిడి జరిగితే తప్ప, జీవితాంతం రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. మూడు వారాలకొకసారి అనుకున్నా ఏడాదికి సుమారు 17 సార్లు ఆ కుటుంబం డే కేర్ వార్డుకు వెళ్తుంది, వెళ్లిన ప్రతిసారీ దాదాపు ఒక పగలంతా అక్కడే గడుపుతుంది. ఆ పగటిలో వైద్యుడు బిడ్డ పక్కన ఉండేది కొద్ది నిమిషాలే. మిగిలిన సమయమంతా బిడ్డ క్షేమం నర్సు చేతుల్లోనే ఉంటుంది. అయినా కుటుంబాలు రాసే కృతజ్ఞతా పత్రాలలో ఎక్కువ భాగం వైద్యుల పేరిటే వెళ్తాయి. నర్సుకు మాత్రం వెళ్తూ వెళ్తూ ‘థాంక్స్ సిస్టర్’ అనే ఒక్క మాట దక్కుతుంది. ఆ మాటలో ప్రేమ లేదని కాదు, కానీ అది ఆమె సర్వీసు రికార్డులోకి చేరదు, ఆమె పై అధికారికి వినిపించదు. ఆమె చేసిన పనిని సరిగ్గా గమనించి, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి, నిర్ణయం తీసుకునేవారికి చేర్చినప్పుడే అది గుర్తింపు అవుతుంది.

ముందుగా గమనించవలసినవి

నర్సు పనిలో మెచ్చుకోదగిన భాగం చాలావరకు కంటికి కనిపించదు, ఎందుకంటే ఆమె జాగ్రత్తగా పనిచేసిన రోజున ఏ ప్రమాదమూ జరగదు. కాబట్టి నవ్వుతూ మాట్లాడారా లేదా అన్నదానితో ఆగిపోకుండా, రక్తం ఎక్కించే ముందు, ఎక్కించేటప్పుడు ఆమె ఏమేమి చేస్తున్నారో వరుసగా చూడండి. బ్లడ్ బ్యాగ్ రాగానే ఆమె మరొక సిబ్బందిని పిలిచి, బిడ్డ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, బ్లడ్ గ్రూపు, బ్యాగ్ నంబరు, గడువు తేదీలను ఇద్దరూ కలిసి సరిచూస్తారు. రెండేళ్లుగా ముఖం తెలిసిన బిడ్డనైనా పేరు చెప్పమని మళ్లీ అడుగుతారు. కొందరు తల్లిదండ్రులకు ఇది విసుగ్గా తోస్తుంది గాని, ఒకరి రక్తం మరొకరికి ఎక్కకుండా ఆపేది ఈ తనిఖీయే. రద్దీ ఎంత ఉన్నా, ఎవరు తొందరపెట్టినా దానిని ఒక్కసారి కూడా దాటవేయని నర్సు మీ వార్డులో ఉన్నారంటే, మొట్టమొదట రాయవలసిన విషయం అదే.

రక్తం ఎక్కడం మొదలైన తొలి 15 నిమిషాలు చాలా ముఖ్యమైనవి. తీవ్రమైన ప్రతిచర్యలు చాలావరకు అప్పుడే బయటపడతాయి కనుక, మంచి నర్సు ఆ సమయంలో చుక్కల వేగాన్ని తగ్గించి ఉంచి, నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు చూస్తూ బిడ్డకు దగ్గరలోనే ఉంటారు. వణుకు, దద్దుర్లు, నడుము నొప్పి, ఆయాసం వంటివి కనిపిస్తే వెంటనే రక్తం ఆపి, సెలైన్‌తో నరం మూసుకుపోకుండా చూసి, వైద్యుణ్ణి పిలుస్తారు. ఫ్రిజ్ నుంచి బయటికి తీసిన రక్తం నాలుగు గంటలలోపు పూర్తవ్వాలనే నియమాన్ని కూడా గడియారం చూసుకుంటూ పాటిస్తారు.

ఇక సూది గుచ్చే ఘట్టం. నెలల వయసు నుంచే గుచ్చించుకుంటున్న పిల్లల చేతుల్లో నరం దొరకడం కష్టం. అక్కడ నర్సు నేర్పు, మనసు రెండూ బయటపడతాయి. బిడ్డను బల్ల మీద నలుగురూ అదిమిపట్టకుండా తల్లి ఒడిలో కూర్చోబెట్టి గుచ్చుతున్నారా? ‘నొప్పే ఉండదు’ అని అబద్ధం చెప్పకుండా, ‘ఒక్క క్షణం నొప్పి వేస్తుంది, నేను చెప్పినప్పుడు గట్టిగా ఊదు’ అని నిజం చెబుతున్నారా? వైద్యుడు రాసిన మత్తు క్రీమును గంట ముందే పూసి ఉంచమని గుర్తుచేస్తున్నారా? రెండుసార్లు ప్రయత్నించి నరం దొరకకపోతే, పట్టుదలకు పోకుండా మరొకరిని పిలుస్తున్నారా? నా దృష్టిలో ఈ చివరిది అన్నిటికన్నా గొప్ప గుణం. తన పరువుకంటే బిడ్డ నొప్పి ముఖ్యమనుకున్నవారే ఆ పని చేయగలరు.

క్లినిక్ గోడల బయట జరిగేది కూడా మరవకండి. పదే పదే రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో ఇనుము పేరుకుపోయి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దానిని బయటికి పంపే మందు రోజూ వేసుకోవాలి, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష క్రమంగా చేయించాలి. మందు మానేసిన బిడ్డను కోప్పడకుండా కారణం కనుక్కొనే నర్సు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు మందు కొనసాగించాలో ఆపాలో వైద్యుణ్ణి వెంటనే అడగమని ముందే హెచ్చరించే నర్సు ఆ బిడ్డ ఆయుష్షును పెంచుతున్నట్టే. తల్లి మళ్లీ గర్భవతి అయితే, తల్లిదండ్రులిద్దరూ వాహకులైనప్పుడు, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తున్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందని, 10 నుంచి 12 వారాల మధ్య గర్భస్థ పరీక్ష చేయించుకునే వీలుందని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పే నర్సులున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసీమియాను కూడా వైకల్యాల జాబితాలో చేర్చిందని చెప్పి, ధ్రువపత్రానికి ఎక్కడికి వెళ్లాలో దారి చూపేవారూ ఉన్నారు. ఇవన్నీ వారి డ్యూటీ చార్టులో రాసి ఉండవు.

ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవడం

ఏడాది చివర కూర్చొని రాయబోతే ‘చాలా ఓపికగా చూసుకున్నారు’ అనే మాట తప్ప ఏమీ గుర్తుకు రాదు. బిడ్డ హిమోగ్లోబిన్, బరువు రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలు కొన్ని దీనికి కేటాయించండి. తేదీ, నర్సు పేరు, జరిగింది రెండు వాక్యాల్లో రాస్తే చాలు. చదువుకోని తల్లిదండ్రులైతే ఫోనులో మాట రికార్డు చేసుకొని తర్వాత ఎవరిచేతనైనా రాయించుకోవచ్చు. అయితే వార్డులో నర్సును గాని పక్క మంచాల పిల్లలను గాని అనుమతి లేకుండా ఫొటోలు, వీడియోలు తీయకూడదు.

ఉత్తరం రాసే పద్ధతి

ప్రశంసా పత్రం ఒక పేజీ మించనక్కరలేదు. పైన నర్సు పూర్తి పేరు, హోదా, విభాగం స్పష్టంగా ఉండాలి. ‘సిస్టర్’ అని పిలవడం అలవాటైపోయి అసలు పేరే తెలియని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి గుర్తింపు కార్డు చూసి గాని, ఆమెనే అడిగి గాని సరిగ్గా రాసుకోండి. మగ నర్సుల విషయంలోనూ అంతే. ‘బ్రదర్’ అని రాస్తే ఆ ఉత్తరం ఎవరికీ చెందదు. ఆ తర్వాత మీ బిడ్డ రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతకాలంగా వస్తున్నారో రాసి, నేరుగా సంఘటనలోకి వెళ్లండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘మా అబ్బాయికి రక్తం మొదలుపెట్టిన పది నిమిషాలకు వణుకు వచ్చింది. పక్కనే ఉన్న సిస్టర్ వెంటనే రక్తం ఆపి, సెలైన్ పెట్టి, వైద్యుణ్ణి పిలిచారు. బ్యాగ్ మీది వివరాలను మళ్లీ సరిచూసి, మిగిలిన రక్తాన్ని బ్లడ్ బ్యాంకుకు పరీక్షకు పంపించారు. తన డ్యూటీ ముగిశాక కూడా ఒకసారి వచ్చి వాడి జ్వరం చూసి వెళ్లారు. ఆ రోజు మాకు ఏం జరుగుతోందో ప్రతి అడుగులోనూ వివరించినందువల్ల మేము భయపడిపోలేదు.’

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా చదివిన అధికారికి ఆ నర్సు ఎంత నేర్పరో, ఎంత శ్రద్ధ గలవారో తెలిసిపోతుంది. ‘దేవత’, ‘అమ్మలాంటి మనిషి’ వంటి మాటలు మనసులోంచి వచ్చినవే అయినా, ఉత్తరంలో అవి ఆమె చదువును, శిక్షణను వెనక్కి నెడతాయి. ఆమె చేసింది వృత్తిపరమైన పని. దానిని ఆ మాటల్లోనే చెప్పడం మర్యాద. ఒకరిని మెచ్చుకోవడానికి మరొక నర్సును తక్కువ చేయకండి. రేపు వాళ్లిద్దరూ ఒకే వార్డులో పక్కపక్కనే పనిచేయాలి.

ఉత్తరాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు లేదా డైరెక్టర్‌కు ఇచ్చి, ఒక ప్రతి మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. దానిని ఆమె వ్యక్తిగత ఫైలులో చేర్చమని ఉత్తరంలోనే కోరండి. మరొక ప్రతి తప్పనిసరిగా నర్సు చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసేవారికి, ఆసుపత్రి ఫైలు వారి వెంట రాదు కాబట్టి, ఆ కాగితం మరింత అవసరం.

కానుకల విషయం

డబ్బు ఇవ్వకండి, ఖరీదైన వస్తువులూ ఇవ్వకండి. ప్రభుత్వ ఉద్యోగులు కానుకలు తీసుకోవడంపై 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో ఆంక్షలున్నాయి. మీ ప్రేమ ఆమెకు సంజాయిషీ నోటీసుగా మారకూడదు. పైగా, ఇవ్వలేని కుటుంబం తమ బిడ్డకు తక్కువ శ్రద్ధ దక్కుతుందేమోనని లోలోపల కుమిలిపోతుంది. బిడ్డ స్వయంగా గీసిన బొమ్మ, రాసిన నాలుగు మాటలు చాలు. పెద్దలు చెప్పించి రాయించకుండా, ‘అక్క ఏం చేస్తే నీకు భయం తగ్గింది?’ అని అడిగి బిడ్డ చెప్పిందే రాయించండి. అందరికీ పంచే మిఠాయిలైతే వార్డు ఆయాలను, ల్యాబ్ సిబ్బందిని, వాచ్‌మన్‌ను వదలకుండా పంచాలి.

సందర్భం, పురస్కారాలు

మే 8 ప్రపంచ తలసీమియా దినం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో జన్మించిన మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఈ రెంటి నడుమ నాలుగు రోజులే తేడా కాబట్టి, ఆ వారంలో నాలుగైదు కుటుంబాలు కలిసి, ఆసుపత్రి అనుమతితో, వార్డులోనే అరగంట సభ పెట్టుకొని ఉత్తరాలను చదివి వినిపించవచ్చు. రక్తం ఎక్కుతున్న పిల్లల పనికి అడ్డం రాకుండా చూసుకోవాలి, మైకులు అక్కరలేదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1973లో నెలకొల్పిన జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థలలో పనిచేసే నర్సింగ్ సిబ్బందికి రాష్ట్రపతి చేతుల మీదుగా ఇస్తారు. ఆ ఏటి మార్గదర్శకాలను ఆసుపత్రి నర్సింగ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. దరఖాస్తులో సేవలకు ఆధారాలు చూపవలసి వచ్చినప్పుడు, తేదీలతో మీరు రాసిన ఉత్తరాలు ఆమెకు అక్కరకొస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు మరింత తేలికైన దారి ఉంది. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే ఒక వ్యాధితో 1999లో కన్నుమూసిన యువకుడు పాట్రిక్ బార్న్స్ కుటుంబం, అతణ్ణి చూసుకున్న నర్సులకు కృతజ్ఞతగా డెయిసీ పురస్కారాన్ని నెలకొల్పింది. అందులో చేరిన ఆసుపత్రులలో రోగి గాని, తల్లిదండ్రులు గాని నేరుగా నర్సును ప్రతిపాదించవచ్చు.

ప్రతిపాదించే ముందు ఆమె సమ్మతి అడగండి. తన పేరు బయటికి రావడం ఇష్టం లేనివారు ఉంటారు. వారికి ఉత్తరం ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం మంచిది. బహుమతి వచ్చినా రాకపోయినా, మరుసటి ఏడాది కొత్త సంఘటనలతో కొత్త ఉత్తరం రాయండి. ఆమెకు బదిలీ అయిందని తెలిస్తే, చివరి డ్యూటీకి ముందే అప్పటివరకు రాసిన ఉత్తరాల ప్రతులన్నీ ఒక కవరులో పెట్టి అందజేయండి.