రెండు మూడు ఇళ్ల అద్దెను ఐటీ రిటర్నులో చూపడం ఎలా?

అద్దెలన్నీ కలిపి ఒకే అంకె వేయడం కుదరదు. హౌస్ ప్రాపర్టీ షెడ్యూల్‌లో ఒక్కో ఇంటికీ విడిగా చిరునామా, మీ వాటా, అద్దె నింపాలి. రెండు కంటే ఎక్కువ ఇళ్లుంటే ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాదు. వ్యాపార ఆదాయం లేనివాళ్లు ఐటీఆర్-2 తీసుకోవాలి.

లెక్క చూడండి. నెలకు 20,000 చొప్పున ఏడాది అద్దె 2,40,000. ఆ ఏడాది మీరు నిజంగా కట్టిన ఇంటి పన్ను 10,000 తీసేస్తే 2,30,000. బకాయి పెట్టిన పన్నుకు మినహాయింపు లేదు. మిగిలినదాంట్లో 30 శాతం, అంటే 69,000, బిల్లులేవీ అడగకుండానే పోతుంది. సున్నం వేయించడానికి, రిపేర్లకు మళ్లీ విడిగా తగ్గించకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మిగిలిన 1,61,000 నుంచి హోమ్ లోన్ వడ్డీ 2,00,000 తీస్తే 39,000 నష్టం. ఈఎంఐలో అసలు భాగం ఇక్కడ లెక్కలోకి రాదు.

రెండో ఇంటిపై 98,000 ఆదాయం ఉంటే ఈ నష్టం పోను 59,000కే పన్ను. కొత్త పన్ను విధానంలోనూ ఇళ్ల మధ్య ఈ సర్దుబాటు చెల్లుతుంది. ఇంకా నష్టం మిగిలితే జీతంలోంచి తగ్గించుకోవడం పాత విధానంలోనే, అదీ 2 లక్షల వరకే.

సొంతానికి వాడుకునేవిగా రెండిళ్లు చూపొచ్చు. మూడోది తాళం వేసి ఉన్నా దానికి అద్దె వచ్చినట్టే లెక్క.

అద్దెదారు టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తే చేతికొచ్చింది కాదు, మొత్తం అద్దె రాయండి. మీ పేరున జమైన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్‌తో సరిపోలకపోతే నోటీసు రావచ్చు.