ఎడిటర్‌కో వెర్షన్, టెర్మినల్‌కో వెర్షన్: ఈఎస్‌లింట్ పేచీ తేల్చడం ఎలా

ఈఎస్‌లింట్ అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్. దాన్నీ దాని తోడు ప్యాకేజీలనీ ఎన్‌పీఎం (నోడ్‌తో పాటు వచ్చే ప్యాకేజీ మేనేజర్)తో ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో ఎర్ర అక్షరాలు రాగానే ఎవరో ఒకరు చెప్పే సలహా ఒకటుంది: "నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టు." రాజాంలోనో చీపురుపల్లిలోనో ఇంటి దగ్గర కూర్చుని, రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లకి అది దండగ సలహా. ప్యాకేజ్.జేసన్ (ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా) మారనంతవరకు అదే పేచీ మళ్లీ వస్తుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ అడుగుతోందో చూశాకే దేన్నైనా తీసేయాలి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే.

మొదట "నోడ్ -వీ" కొట్టండి, నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) వెర్షన్ చెబుతుంది. ఈఎస్‌లింట్ 9కి నోడ్ 18లో 18.18 నుంచి ఏదైనా, 20లో 20.9 నుంచి ఏదైనా, లేదా 21.1 నుంచి ఏదైనా కావాలి. ల్యాబ్ మెషీన్‌లో నోడ్ 16 ఉంటే మిగతా తంటాలన్నీ వృథా, ముందు అది మార్చాలి. విండోస్ 7 మెషీన్ అయితే మన ఎడిటర్ వీఎస్ కోడ్ కూడా 1.70 దగ్గరే ఆగిపోతుంది. ఆ సిస్టమ్‌తో కుస్తీ పట్టకుండా పక్క సిస్టమ్‌కి మారిపోవడమే మేలు.

ఇక అసలు పేచీ. రియాక్ట్ ప్రాజెక్టులో ఎయిర్‌బీఎన్‌బీ కాన్ఫిగ్ (ఈఎస్‌లింట్‌కి ఆ కంపెనీ రాసిన నియమాల ప్యాకేజీ) పెట్టబోతే "ఈరిజాల్వ్" అనే ఎర్రర్, అంటే వెర్షన్లు కుదరలేదని, వస్తుంది. దాన్ని పైనుంచి కిందికి చదవకండి. రెండు లైన్లు వెతకండి చాలు. "ఫౌండ్" అన్న చోట మీ దగ్గరున్న వెర్షన్ ఉంటుంది, ఉదాహరణకి ఈఎస్‌లింట్ 9. "పీర్" (తోడుగా ఉండాల్సిన ప్యాకేజీ) అన్న చోట కొత్త ప్యాకేజీ అడిగే వెర్షన్ ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీ కాన్ఫిగ్ 19.0.4 అడిగేది 7.32 నుంచి 7లో ఏదైనా, లేదా 8.2 నుంచి 8లో ఏదైనా. 9కి అందులో చోటు లేదు. ఎన్‌పీఎం 6 రోజుల్లో ఇలాంటిదానికి హెచ్చరిక ఒకటి పడేసి ఊరుకునేది. 7 నుంచి పీర్ ప్యాకేజీలను తనే పెడుతోంది కాబట్టి, కుదరకపోతే అక్కడే ఆపేస్తుంది.

ఇక్కడ చాలామంది ఈ పీర్ తనిఖీని దాటేసే "--లెగసీ-పీర్-డెప్స్" తగిలిస్తారు. ఇన్‌స్టాల్ అయిపోతుంది, నిజమే. కానీ ఈఎస్‌లింట్ 9 మామూలుగా నియమాలు రాసే పాత .ఈఎస్‌లింట్‌ఆర్‌సీ ఫైల్‌ని చదవదు. దానికి ఈఎస్‌లింట్.కాన్ఫిగ్.జేఎస్ కావాలి. అప్పుడు ఎడిటర్‌లో ఒక్క ఎర్ర గీత కూడా కనపడదు, కోడ్ శుభ్రంగా ఉందని మనం మురిసిపోతాం. ఎర్రర్ వచ్చినదానికంటే ఇదే ప్రమాదం.

సరైన దారి: "ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ ఈఎస్‌లింట్" కొడితే దాన్ని ఎవరెవరు లాక్కొచ్చారో చెట్టులా చూపిస్తుంది. కొత్త ప్యాకేజీ ఏం అడుగుతుందో దించుకోకుండానే చూడాలంటే "ఎన్‌పీఎం వ్యూ", ఆ ప్యాకేజీ పేరు, చివర "పీర్‌డిపెండెన్సీస్". రెండూ పక్కపక్కన పెట్టుకుని అందరికీ కుదిరే వెర్షన్ పట్టుకోండి. పై ఉదాహరణలో అది 8.57.1:

"ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ --సేవ్-డెవ్ --సేవ్-ఎగ్జాక్ట్ ఈఎస్‌లింట్@8.57.1"

8వ వరసకి 2024 అక్టోబరుతో మద్దతు ఆగిపోయింది. కాబట్టి కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకైతే 9 ఉంచుకుని, ఎయిర్‌బీఎన్‌బీ కాన్ఫిగ్‌నే వదిలేయండి. ఇంకో చిక్కు: పాత ప్రయత్నంలో మిగిలిపోయిన ఈఎస్‌లింట్.కాన్ఫిగ్.జేఎస్ ఫోల్డర్‌లో ఉంటే 8.57 కూడా దాన్నే చదువుతుంది. .ఈఎస్‌లింట్‌ఆర్‌సీ, ఇది రెండింటిలో ఒకటే ఉంచాలి.

టెర్మినల్‌లో "ఎన్‌పీఎక్స్ ఈఎస్‌లింట్ ." పని చేస్తూ, ఎడిటర్‌లో మాత్రం చేయకపోతే తప్పు ప్యాకేజీలది కాదు. అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, కుడివైపు జాబితాలో ఈఎస్‌లింట్ ఎంచుకోండి. లైబ్రరీని ఏ దారిలోంచి ఎత్తుకుందో అక్కడ రాసి ఉంటుంది. ఆ దారి మీ ప్రాజెక్టులోది కాకపోతే గ్లోబల్‌గా (మెషీన్ మొత్తానికి) ఎప్పుడో పెట్టినదాన్ని పట్టుకుందన్నమాట. ప్రాజెక్టు ఫోల్డర్ కాకుండా దాని పై ఫోల్డర్ తెరవడం కూడా తరచూ జరిగే పొరపాటే. సరిచేశాక కంట్రోల్+షిఫ్ట్+పీ నొక్కి "రీస్టార్ట్ ఈఎస్‌లింట్ సర్వర్" ఇవ్వండి. టైప్‌స్క్రిప్ట్‌కైతే అదే చోట "సెలెక్ట్ టైప్‌స్క్రిప్ట్ వెర్షన్" తీసి వర్క్‌స్పేస్ వెర్షన్ పెట్టాలి. ఎక్స్‌టెన్షన్లే ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని అనుమానమైతే "స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్" సగం సగం ఆపుకుంటూ దొంగని పట్టిస్తుంది.

పైథాన్‌లోనూ వరస ఇదే. "పిప్ చెక్" గొడవలు చెబుతుంది, "సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్"లో ప్రాజెక్టు వెన్వ్ (ఆ ప్రాజెక్టుకి వేరుగా పెట్టుకున్న పైథాన్) ఎంచుకోవాలి.

విజయనగరంలో కుదిరిన సెటప్‌ని శ్రీకాకుళంలో ఉన్న స్నేహితుడికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలంటే నోడ్ మాడ్యూల్స్ కాపీ చేయకండి. వేల చిన్న ఫైళ్లు, గంటలు పడుతుంది. పైగా విండోస్ మీద పెట్టిన ఈఎస్‌బిల్డ్ లాంటివి లినక్స్ మీద నడవవు. ప్యాకేజ్-లాక్.జేసన్‌తో (కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైల్) సహా ప్రాజెక్టు ఇవ్వండి. "ఎన్‌పీఎం కాన్ఫిగ్ గెట్ క్యాష్" చూపించిన ఫోల్డర్‌ని జిప్ చేసి దానితో పాటే ఇవ్వండి. అతనిదీ అదే ఆపరేటింగ్ సిస్టమ్ అయితే జిప్ విప్పుకుని, "ఎన్‌పీఎం సీఐ --ఆఫ్‌లైన్ --క్యాష్" పక్కన ఆ ఫోల్డర్ దారి ఇస్తే చాలు. డేటా ఆపేసి ఉన్నా ఇన్‌స్టాల్ అవుతుంది.