త్రీనాట్‌త్రీ బ్యారెల్‌కి వేడినీళ్లే మందు

త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్‌తో పాత మిలిటరీ తూటాలు కాల్చాక దాన్ని నూనె గుడ్డతో తుడిచేసి అయిపోయిందనుకోకండి. పోలీసు ఆర్మరీలో (ఆయుధాగారంలో) కొత్తగా చేరినప్పుడు నేనూ అదే చేశాను. రెండు రోజుల్లో బ్యారెల్ లోపల ఎర్రటి తుప్పు! విశాఖ గాలి సంగతి తెలిసిందేగా, బీచ్ రోడ్డులో సైకిల్ చైనే మిగలదు.

ఆ తూటాల ప్రైమర్‌లో, అంటే అడుగున దెబ్బ తగిలి ముందుగా అంటుకునే మందులో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, ఉప్పులాంటిదే. గాలిలో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది.

ముందు ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఖాళీయో కాదో చూడండి. బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తీసి, గరాటుతో ఛాంబర్ వైపు నుంచి బాగా మరిగిన నీళ్లు పోయండి. బ్యారెల్ మూతి నేలవైపు ఉండాలి, చేతికి గుడ్డ చుట్టుకోండి, బ్యారెల్ చుర్రుమంటుంది. చెక్కమీద నీళ్లు పడనివ్వకండి. బోల్ట్ ముఖం కూడా కడగాలి, చాలామంది మరిచిపోయేది అదే. తర్వాత పుల్‌త్రూకి (బ్యారెల్‌లోంచి లాగే తాడుకి) చిందీ, అంటే గుడ్డముక్క, కట్టి, పొడిగా వచ్చేదాకా లాగండి. అప్పుడే నూనె. ఇదంతా కాల్చిన రోజే.

మర్నాడు తెల్ల చిందీ మళ్లీ లాగండి. ఎరుపు కనిపిస్తే మళ్లీ వేడినీళ్లే.