పాత కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్: అలవాటైన ఎడిటర్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ప్రోగ్రామింగ్ నేర్చుకొంటున్న పిల్లల ముందు ఉండేది చాలావరకు అన్నయ్య చదువు ముగిశాక మిగిలిన ల్యాప్‌టాప్, లేదా విజయనగరంలోనో విశాఖపట్నంలోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్. రెండు జీబీల ర్యామ్, విండోస్ 7, తిరిగే హార్డ్ డిస్కు: సాధారణంగా దాని స్థాయి ఇదే. అలాంటి యంత్రంపై పని సాగకపోతే ముందుగా వినిపించే సలహా ఎడిటర్ (ప్రోగ్రామును టైపు చేసే సాఫ్ట్‌వేర్) మార్చమనే. ఆ సలహాను చివరికి వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం. చేతికి వచ్చిన కీలను మరచి కొత్తవి నేర్వడానికి పట్టే కాలం, ర్యామ్ కొరత వల్ల పోయే కాలం కంటె తక్కువేమీ కాదు. పైగా యంత్రం పాతబడినందువల్ల వచ్చిందనుకొనే ఇబ్బందుల్లో చాలా భాగం ఫైలులోనో సెట్టింగుల్లోనో ఉంటుంది. కనుక కింద ఒక్కొక్క ఇబ్బందిని కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణం మీదుగా పరిష్కారానికి వెళదాము.

ఎడిటర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది, టైపు చేసిన అక్షరం ఆలస్యంగా కనిపిస్తోంది

ఈ ఫిర్యాదు ఎక్కువగా విజువల్ స్టూడియో కోడ్ వాడేవారిది. 2015లో వచ్చిన ఈ ఎడిటర్ ఎలక్ట్రాన్ అనే చట్రంపై నడుస్తుంది. అంటే దాని లోపల క్రోమియం బ్రౌజర్, నోడ్ జేఎస్ రెండూ ఉంటాయి. ఒక చిన్న సీ ప్రోగ్రామును తెరవడానికి కూడా అది పూర్తి బ్రౌజరును లేపవలసిందే. ఒక జీబీ ర్యామ్, 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ చాలునని తయారీదారులు ప్రకటించిన మాట నిజమే కాని, ఆ లెక్కలో మనం చేర్చుకొనే ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు భాగాలు లేవు. సీ++కో పైథాన్‌కో వేసుకొన్న ఎక్స్‌టెన్షన్ వెనుక ప్రోగ్రామునంతా చదివి సూచనలిచ్చే సర్వర్ మరొకటి నడుస్తుంది. పాత యంత్రాన్ని కుంగదీసేది ఎక్కువగా అదే.

నిర్ధారణకు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ర్యామ్ నిండిపోయి, హార్డ్ డిస్కు దీపం ఆగకుండా వెలుగుతూ ఉంటే, విండోస్ ర్యామ్‌లో చోటు చాలక డిస్కును వాడుకొంటోందని అర్థం. అప్పుడు ఎక్స్‌టెన్షన్లన్నిటినీ నిలిపివేసి ఎడిటర్‌ను మళ్లీ తెరవండి. వేగం తిరిగి వస్తే దోషం ఎడిటర్‌ది కాదు. ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, భారమైనది ఏదో తేల్చి దానిని మాత్రమే తీసివేయండి. రంగులు, బ్రాకెట్ల జత, ఫైలులో వెతుకులాట వీటికి ఎక్స్‌టెన్షన్ అవసరమే లేదు.

అన్నీ తీసివేసినా మార్పు లేకపోతే అప్పుడు తేలికైన ఎడిటర్ ఆలోచించాలి. విండోస్‌లో 2003 నుంచి ఉన్న నోట్‌ప్యాడ్++, లినక్స్‌లో 2005 నాటి జీనీ, ఈ రెండూ సింటిల్లా అనే ఒకే ఎడిటింగ్ భాగంపై కట్టినవి. కొద్ది మెగాబైట్లలో ఇమిడిపోతాయి. ఈమ్యాక్స్‌ను ఒకనాడు ఎనిమిది మెగాబైట్లు మింగే ఎడిటర్ అని ఎగతాళి చేసేవారు. నేటి లెక్కలో అది కూడా తేలికైన వాటిలో చేరుతుంది. చేతిలో కొంత డబ్బు ఉండి ఒక్క భాగమే మార్చగలిగితే, తిరిగే డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించడం ఏ ఎడిటర్ మార్పు కంటెనైనా ఎక్కువ తేడా చూపుతుంది.

ఇన్‌స్టాల్ కావడం లేదు, లేదా అయినా తెరుచుకోవడం లేదు

ఫైలు ఈ విండోస్ వెర్షన్‌కు సరిపడదనో, సరైన విన్32 అప్లికేషన్ కాదనో సందేశం వస్తే, చాలావరకు 32 బిట్ల విండోస్‌పై 64 బిట్ల ఇన్‌స్టాలర్‌ను నడుపుతున్నారన్నమాట. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ అన్న వరుస చూస్తే ఏది ఉందో తెలుస్తుంది. నోట్‌ప్యాడ్++కు 32 బిట్ల ఇన్‌స్టాలర్ విడిగా దొరుకుతుంది. విజువల్ స్టూడియో కోడ్ విషయంలో విండోస్ 7పై నడిచే చివరి వరుస 1.70, అంతకంటె కొత్తది వేయవద్దు, తానంతట తాను అప్‌డేట్ అయ్యే సెట్టింగును ఆపివేయండి. కిటికీ తెరుచుకొని నల్లగానో ఖాళీగానో ఉండిపోతే పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించి, జీపీయూ వాడకాన్ని ఆపివేసే ఆప్షన్‌తో తెరిచి చూడండి.

టర్బో సీ++ అలవాటు, కాని ఇప్పుడు అది నడవడం లేదు

ఈ జిల్లాల్లో కంప్యూటర్ సెంటర్లలోనో కాలేజీల్లోనో సీ నేర్చినవారిలో చాలామందికి మొదట పరిచయమైనది ఆ నీలి తెరే. ఎఫ్2తో సేవ్, కంట్రోల్-ఎఫ్9తో రన్, ఆల్ట్-ఎఫ్5తో ఫలితం చూడటం వేళ్లలోకి ఇంకిపోయి ఉంటాయి. అది 16 బిట్ల డాస్ ప్రోగ్రాము కనుక 64 బిట్ల విండోస్ దానిని అసలే నడపదు. 32 బిట్ల విండోస్ 7లో నడిచినా ఫుల్ స్క్రీన్ సాధ్యం కాదని సందేశం ఇస్తుంది. రెండింటికీ పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ పనిచేస్తుంది. పరీక్షలో టర్బో సీ++నే అడిగే చోట చదువుతున్నవారు డాస్‌బాక్స్‌తోనే సరిపెట్టుకోవడం తెలివైన పని.

అయితే ఇక్కడ ఎడిటర్ వేరు, రాసినదానిని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. మీకు అలవాటైంది ఎడిటర్ కీలు, వదిలించుకోవలసింది కంపైలర్. టర్బో 1998 నాటి సీ++ ప్రమాణం కంటె ముందుది కనుక, అందులో చక్కగా నడిచిన ప్రోగ్రాము జీసీసీ అనే నేటి కంపైలర్‌లో మొదటి వరుసల దగ్గరే తప్పులు చూపుతుంది: చివర డాట్ హెచ్ ఉన్న ఐఓస్ట్రీమ్ హెడర్ అక్కడ ఉండదు, తెర తుడిచే కోనియో ఫంక్షన్ దొరకదు. ఇంట్ రకం కూడా మారుతుంది. టర్బోలో అది 16 బిట్లది కాబట్టి 32767 దాటితే విలువ తలకిందులయ్యేది. జీసీసీలో 32 బిట్లు ఉండటం వల్ల ఆ పొరపాటు కనిపించకుండా దాగిపోతుంది.

కీలను మాత్రం నిలుపుకోవచ్చు. జీనీలో ప్రిఫరెన్సెస్ కింద కీబైండింగ్స్ అన్న పేజీలో సేవ్‌కు ఎఫ్2, రన్‌కు కంట్రోల్-ఎఫ్9 ఇచ్చుకోండి. బిల్డ్‌కు ఎఫ్9 అందులో మొదటి నుంచే ఉంది. ప్రోగ్రాము ముగిశాక జీనీ టెర్మినల్‌ను వెంటనే మూయదు, ఎంటర్ కొట్టే వరకు ఆగుతుంది. కాబట్టి ఫలితం నిలవడానికి చివరన గెట్‌సీహెచ్ చేర్చే అలవాటు ఇక అక్కరలేదు. కంట్రోల్-కే, బీతో బ్లాకు మొదలుపెట్టే పాత పద్ధతి కావాలనుకొంటే, లినక్స్‌లో జో అనే ఎడిటర్‌ను జేస్టార్ పేరుతో తెరిస్తే వర్డ్‌స్టార్ అనే పాత వర్డ్ ప్రాసెసర్ కీలు యథాతథంగా పనిచేస్తాయి. ఆ కీలనే టర్బో ఎడిటర్లు కూడా అనుసరించాయి.

సేవ్ చేద్దామని కంట్రోల్-ఎస్ నొక్కగానే అంతా స్తంభించింది

లినక్స్ టెర్మినల్‌లో పనిచేస్తున్నప్పుడు విండోస్ అలవాటు తెచ్చే ఇబ్బంది ఇది. యంత్రం ఆగిపోయిందనుకొని పవర్ మీట నొక్కేవారున్నారు, దయచేసి నొక్కకండి. చాలా టెర్మినళ్లలో కంట్రోల్-ఎస్ అంటే తెరకు అక్షరాలు పంపడం ఆపమన్న పాతకాలపు ఆజ్ఞ. కంట్రోల్-క్యూ నొక్కితే తిరిగి కదులుతుంది, ఈలోగా మీరు టైపు చేసినదంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. ఈ ఆజ్ఞతో పని లేనివారు షెల్ సెట్టింగుల ఫైలులో ఎస్‌టీటీవై ఆదేశంతో దీనిని ఆపివేసుకోవచ్చు.

కళ్లకు సరిగానే ఉన్న వరుసలో కంపైలర్ తప్పు చూపుతోంది

తప్పు సందేశంలో స్ట్రే అన్న మాట పక్కన ఉన్న అంకెలను చదవండి; కారణం చాలావరకు అక్కడే ఉంటుంది. 357, 273, 277 అన్న మూడు వరుసగా వస్తే, ఫైలు మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ అనే కనిపించని గుర్తు ఉంది. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో సేవ్ చేసినప్పుడల్లా దానిని చేరుస్తుంది. డెవ్ సీ++ 4.9.9.2తో వచ్చిన జీసీసీ 3.4 వంటి పాత కంపైలర్ దానిని అక్షరమనుకొని తిరస్కరిస్తుంది. నోట్‌ప్యాడ్++ ఎన్‌కోడింగ్ మెనూలో ఆ గుర్తు (బీఓఎమ్) లేని యూటీఎఫ్-8కు మార్చి సేవ్ చేస్తే సరి. 342, 200 అంకెలు వస్తే, వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో తెచ్చి అతికించిన వరుసలో వంపు కొటేషన్లో, కనిపించని జోడింపు గుర్తులో ఉన్నాయి. ఆ వరుసను కాపీ చేయకుండా చేత్తో తిరిగి టైపు చేయండి.

మన ప్రాంతంలో మరొకటి తరచుగా జరుగుతుంది. ఇంటి మాట తెలుగు, బడి మాట ఒడియా, ప్రోగ్రాము ఇంగ్లీషు కావడంతో కీబోర్డులో మూడు భాషలూ పెట్టుకొంటారు. భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉండిపోతే సెమికోలన్ కీ చ అక్షరాన్ని, చతురస్ర బ్రాకెట్ కీ డ అక్షరాన్ని ఇస్తుంది. ఎడమ ఆల్ట్-షిఫ్ట్ నొక్కితే భాష మారుతుంది. తెర కింద మూలన భాష గుర్తు కనిపించేలా పెట్టుకోవడం చిన్న జాగ్రత్తే అయినా చాలా సమయం మిగులుస్తుంది.

పైథాన్‌లో ట్యాబ్‌లు, ఖాళీలు కలిసిపోయాయన్న తప్పు వస్తే, ఎడిటర్‌లో వైట్‌స్పేస్ చూపించే సెట్టింగు ఆన్ చేసి, ట్యాబ్‌లన్నిటినీ నాలుగు ఖాళీలుగా మార్చండి. కంపైల్ చేసే తీరును మేక్ అనే సాధనానికి చెప్పే మేక్‌ఫైలుకు మాత్రం ట్యాబే కావాలి, అక్కడ ఈ మార్పు చేయకూడదు. ఇక సేవ్ చేసిన ఫైలును కంపైలర్ గుర్తించనే గుర్తించకపోతే, నోట్‌ప్యాడ్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించిందేమో చూడండి; విండోస్ ఫైలు పేరులోని ఆ చివరి భాగాన్ని దాచి ఉంచడం వల్ల అది కంటికి కనబడదు.

తెలుగు, ఒడియా అక్షరాలు పెట్టెలుగానో పిచ్చి గీతలుగానో కనిపిస్తున్నాయి

మూడు వేర్వేరు కారణాలకు ఇది ఒకే లక్షణం. ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఫాంట్ లేదు: తెలుగుకు గౌతమి విండోస్ ఎక్స్‌పీ నుంచే ఉన్నా, ఒడియాకు కళింగ ఫాంట్ విస్టాతో గాని రాలేదు. తల మీద గుర్తులున్న రోమన్ అక్షరాలు కనిపిస్తే ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది, ఎడిటర్ దానిని ఆన్సీ అనే పాత సంకేత పద్ధతిగా చదువుతోంది. నోట్‌ప్యాడ్++ ఎన్‌కోడింగ్ మెనూలో యూటీఎఫ్-8 అన్నదానిని ఎంచుకోండి. దాని కింద ఉన్న కన్వర్ట్ అన్నదానిని ఎంచుకొంటే ఆ పిచ్చి అక్షరాలే స్థిరపడిపోతాయి. మూడవది, డీటీపీ షాపుల నుంచి వచ్చిన ఫైళ్లు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆకృతి ఫాంట్లలో కొట్టిన ఒడియా యూనికోడ్ కావు కాబట్టి ఏ ఎడిటర్ మార్చినా ప్రయోజనం ఉండదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకొన్నాకే ప్రోగ్రాములో వాడాలి.

కరెంటు పోయి వచ్చాక ఫైలు ఖాళీ అయింది

బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌కు వానాకాలంలో ఇది తప్పదు. విమ్ అనే ఎడిటర్ వాడేవారికి కొంత రక్షణ ఉంది: నాలుగు సెకన్లు టైపింగ్ ఆగినా, రెండువందల అక్షరాలు నిండినా అది స్వాప్ ఫైలులో రాసిపెడుతుంది. మళ్లీ తెరిచినప్పుడు వచ్చే హెచ్చరికకు భయపడకుండా రికవర్‌కు ఆర్ నొక్కి, ఫలితాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, పోల్చి చూసి, తరువాత స్వాప్ ఫైలును తొలగించండి. నోట్‌ప్యాడ్++ కూడా సేవ్ కాని మార్పులను మామూలుగా ఏడు సెకన్లకు ఒకసారి బ్యాకప్ ఫోల్డర్‌లో దాస్తుంది. అయితే సేవ్ చేస్తున్న క్షణంలోనే కరెంటు పోతే, ఫైలు పరిమాణం అంతే ఉండి లోపల నల్ గుర్తులు మాత్రమే మిగలవచ్చు. డిస్కుపై చోటు నమోదైంది గాని అక్షరాలు చేరలేదు. అటువంటి ఫైలులో వెతకడం వృథా. ముందే నోట్‌ప్యాడ్++ ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ కింద వెర్బోస్ అన్నది పెట్టుకొంటే, సేవ్ చేసిన ప్రతిసారీ పాత ప్రతి ఒకటి మిగిలి ఉంటుంది.

ప్రోగ్రాము మార్చినా పాత ఫలితమే వస్తోంది

ఎడిటర్ సేవ్ చేయడం లేదని నింద పడేది ఇక్కడే. మొదట తెర మూలన తేదీ చూడండి. అది ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంటే, మదర్‌బోర్డుపై ఉండే సీఆర్2032 నాణెం బ్యాటరీ అయిపోయింది. మేక్ వంటి సాధనాలు ఫైళ్ల సమయాలను పోల్చి ఏది మళ్లీ కంపైల్ చేయాలో నిర్ణయిస్తాయి. మీరు ఇప్పుడు మార్చిన ఫైలుకు పాత తేదీ పడితే, నిరుడు కంపైల్ అయినదే కొత్తదని అవి భావిస్తాయి. తేదీ తప్పినప్పుడు సురక్షిత వెబ్‌సైట్లు కూడా సర్టిఫికెట్ లోపం చూపి తెరుచుకోవు, అది మరో ఆనవాలు. మూడు వోల్టుల ఆ బ్యాటరీ గడియారాల షాపులో దొరుకుతుంది. కరెంటు ప్లగ్గు తీసి దానిని మార్చి, బయోస్ అనే ప్రారంభ సెట్టింగుల తెరలో తేదీ సరిచేసి, కంపైలర్ తయారు చేసిన పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటినీ తొలగించి ఒకసారి మొదటి నుంచి కంపైల్ చేయండి.